బెండుతో చేసిన బాంబరు

ఆ రోజుల్లో విమానాలు బాన్సువాడ మీదుగా పోయేవే తప్ప బాన్సువాడకు వచ్చేవి కావు. ఇప్పుడూ రావనుకోండి, కానీ ఇప్పుడు ఎవరూ తలెత్తి చూడరు. అప్పట్లో ఆకాశంలో ఎక్కడో సన్నగా గుర్రుమని చప్పుడు వినిపిస్తే చాలు, మా కాలువల ఆఫీసులో పెన్నులు ఆగిపోయేవి. ఫైళ్లు మోసే ముసలాయన దగ్గర్నుంచి పెద్ద గుమాస్తా దాకా అందరూ వరండాలోకి వచ్చి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ తెల్లటి గీత పిట్లం దిక్కుకు సాగిపోయి మబ్బులో కలిసేదాకా నిలబడేవారు. అందరూ లోపలికి వెళ్లాక కూడా నేను కాసేపు అక్కడే ఉండేవాణ్ణి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. దేవుడు లేడని నాకు నాలుగేళ్లుగా తెలుసు. ఆ సంగతి ఊరికి చెప్పవలసిన బాధ్యత నా మీదే ఉందని రెండేళ్లుగా తెలుసు. ఒక్క విమానాన్నైనా దగ్గరగా చూడలేదన్న దిగులు మాత్రం ఎప్పటి నుంచి ఉందో చెప్పలేను. అది బయటికి చెప్పుకునే దిగులు కాదు. ఆకాశం వైపు చూసి నిట్టూర్చడం హేతువాదికి నప్పే భంగిమ కాదు (చూసినవాళ్లు వేరే అర్థం తీసుకుంటారు).

నా ఉద్యోగం ట్రేసర్. ఇంజనీర్లు గీసిన కాలువల పటాల మీద పల్చటి కాగితం పరిచి నకలు తీయాలి. నడిచి వెళితే ఒక పూట పట్టే కాలువ నా బల్ల మీద జానెడు ఉండేది. కొలత తప్పకుండా పెద్దదాన్ని చిన్నది చేయడం తప్ప నాకు వేరే విద్య రాదు. సాయంత్రాలు మాత్రం దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేసేవాణ్ణి: చిన్న సంగతులను పెద్దవి చేయడం. అంటే మా సంఘం. ఐదుగురం. మూఢనమ్మకాలను బాన్సువాడ నుంచి వెళ్లగొట్టడం మా ధ్యేయం. మా నాయకుణ్ణి అందరూ పాయింటన్న అనేవారు. లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. "ఒక పాయింటు ఏందంటే" అని మొదలుపెట్టకుండా ఆయన నోట మాట వచ్చేది కాదు. మైకు ముందు గ్రాంథికం, మైకు దిగితే మా ఊరి భాష. ఆయనంటే నాకు భక్తి (ఈ మాట అప్పుడు ఎవరైనా అని ఉంటే కొట్టేవాణ్ణి).

ఆ ఏడాది హిరోషిమా రోజున, అంటే ఆగస్టు ఆరున, చౌరస్తాలో యుద్ధ వ్యతిరేక సభ పెట్టాలని తీర్మానించాం. చివర్లో ఏదైనా కాల్చాలి, లేకపోతే జనం నిలబడరు. గడ్డి బొమ్మ అన్నారు. నేను లేచాను. గడ్డి బొమ్మను చూస్తే జనం నవ్వుతారు, కోపం తెచ్చుకోరు. ఆ ఊరిని బూడిద చేసిన బాంబరునే, నాలుగింజన్ల బి-29నే, కొలత ప్రకారం నమూనా చేసి, జనానికి చూపించి, వాళ్ల కళ్ల ముందు తగలబెట్టాలి, అని బల్ల గుద్ది చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. "చేసేటోడు ఎవడు మరి?" అన్నాడు పాయింటన్న. నేనే అన్నాను. దగ్గరగా ఒక విమానాన్ని చూడడానికి నాకు దొరికిన ఏకైక దారి అదేనని ఆ క్షణంలో నాకు తట్టలేదు. తట్టిందేమో, ఒప్పుకోలేదు.

నిజామాబాదు వెళ్లి గ్రంథాలయంలో యుద్ధకాలం నాటి బొమ్మల పుస్తకం ఒకటి పట్టుకున్నాను. పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి ఆ విమానం ఎలా ఉంటుందో మూడు గీతపటాలు ఉన్నాయి అందులో. బటర్ పేపరు పరిచి నకలు తీసుకున్నాను. డెబ్బై రెండో వంతుకు కుదిస్తే రెక్క కొస నుంచి రెక్క కొసకు రెండడుగులకు అరంగుళం తక్కువ. వడ్రంగి దగ్గర కర్ర తెచ్చి చెక్కడం మొదలుపెట్టాను. వారం రోజుల తర్వాత మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, "మంచిగనే ఉన్నది గని కొడుకా, పసుపు దంచనీకి జెర పొడుగైంది" అంది. నేను దాన్ని పొయ్యిలో పెట్టాను.

దారి చూపించింది ఒక పెళ్లి. మా మేనత్త కొడుకు పెళ్లికి వెళ్లి (వాదించడానికే వెళ్లాను, భోజనం చేసి వాదించాను) పీటల పక్కన నిలబడి చూస్తుంటే, పెళ్లికొడుకు నుదుటి మీది బాసింగం తాడు తెగి కింద పడింది. అందరూ అపశకునం అని గొల్లుమన్నారు. అది కింద పడ్డ చప్పుడే రాలేదని గమనించినవాణ్ణి నేనొక్కణ్ణే. అరచెయ్యంత బాసింగం, గాలికి దొర్లుకుంటూ పోయింది. ఏంటిది అని అడిగితే జీలుగు బెండు అన్నారు. చెరువు నీళ్లలో పెరిగే మొక్క, పైతోలు తీస్తే లోపల మల్లెపువ్వంత తెల్లటి బెండు. చేసినావిడ బస్టాండు వెనక సందులో ఉంటుందన్నారు.

బెండవ్వ. అసలు పేరు ఎవరికీ తెలియదు, ఆమెకు గుర్తుందో లేదో కూడా తెలియదు. బీర్కూర్ దిక్కు చెరువుల్లోంచి జీలుగు కోసుకొచ్చి, ఎండబెట్టి, చుట్టుపక్కల మండలాలన్నిటికీ బాసింగాలు చేసేది. నేను వెళ్లింది ఆషాఢంలో. పెళ్లిళ్లు లేవు కాబట్టి అవ్వ గోడకు ఆనుకుని ఖాళీగా కూర్చుని ఉంది. నా పటం ఆమె ముందు పరిచాను. ఆమె పటాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"గిదేంది బిడ్డా, చాపనా?"

"ఇమానం అవ్వా. బాంబులేసే ఇమానం."

"నాకెందుకు తెచ్చినవ్?"

"బెండుతోని చెయ్యాలె. నాకు కత్తి పట్టుడు నేర్పు. చేసి, సభల కాలవెడతం."

కాల్చడం అనగానే ఆమె బాధపడుతుందనుకున్నాను. ఆమె నవ్వింది. "బాసింగం సుత గంతే కదా. పదహారు దినాలు అయినంక నీళ్లల్ల ఏస్తరు. నువ్వు నిప్పుల ఏస్తవ్. కూసో."

అలా ఒక నెల రోజులు, ఆఫీసు విడవగానే సంఘానికి పోవలసినవాణ్ణి అవ్వ అరుగు మీదికి పోయాను. ఆమె కాలి వేళ్లతో బెండు ముక్కను అదిమి పట్టి, పల్చటి పొడవాటి కత్తిని దాని మీద ఊరికే ఆనించినట్టు నడిపేది. బెండు ఉల్లిపొరలా విచ్చుకునేది. నేను చేస్తే ముక్కలయ్యేది. "కత్తికి చెప్పకు కొడుకా, బెండుకు చెప్పు" అనేది. ఇందులో శాస్త్రం ఏమిటని అడిగితే "ఏం శాస్త్రమో, పొద్దువోతుంది కొయ్యి" అనేది. నేను స్కేలుతో కొలిచి గీత గీసేలోగా ఆమె బొటనవేలు ఆనించి కోసేసేది. తర్వాత కొలిస్తే సరిగ్గా సరిపోయేది. నాకు మహా కోపం వచ్చేది. ఒకసారి విమానం లోపల ఎంతమంది కూర్చుంటారని అడిగింది. పన్నెండు మంది అన్నాను. "ఒక్క బాంబు ఏసెతందుకు పన్నెండు మందా!" అని ఆశ్చర్యపోయింది. ఆ ఒక్క బాంబు ఏం చేసిందో చెప్పాను. నా ఉపన్యాసంలో ఉన్నట్టే, వేడి ఎంత, పొగ ఎంత ఎత్తు లేచింది, అన్నీ. ఆమె కత్తి ఆపి వింది. "గా ఊర్ల పెండ్లి కావల్సినోళ్లు ఎంతమంది ఉండిరో" అని, మళ్లీ కోయడం మొదలుపెట్టింది. నా ఉపన్యాసంలో ఆ వాక్యం లేదు. దాన్ని చేర్చుకుందామని రాసుకున్నాను గానీ, ఎక్కడ పెట్టినా మిగతా ఉపన్యాసం వెలవెలబోయింది.

ఆకారం కుదిరాక వివరాలు మొదలయ్యాయి. నన్ను ముంచినవి అవే. ఆ విమానానికి రంగు వేయరు, ఒంటి నిండా అల్యూమినియం రేకు మెరుస్తుంది. సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం సరిగ్గా సరిపోతుందని తేలింది. బస్టాండు పాన్‌డబ్బా చుట్టూ వంగి వంగి ఖాళీ పెట్టెలు ఏరడం మొదలుపెట్టాను. మూడో రోజుకే ఊళ్లో, దేవుడు లేడని తిరిగే పోరడు ఇప్పుడు పీకలు ఏరుకు తాగుతున్నాడని పుకారు లేచింది. మా నాన్న నాతో మాట్లాడడం మానేసి, నా పక్కన నిలబడి గాలి పీల్చి చూసి వెళ్లేవాడు. ఆ కాగితాన్ని చింతగింజల జిగురుతో అతికించి, ఎండాక, అమ్మ కుట్టుపెట్టెలోని గుండుసూదితో రేకు మేకుల గుర్తులు పొడిచాను. ఒక్కో రెక్క మీద వరసలు వరసలుగా. మొదట్లో లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. పొడుస్తున్నంతసేపూ నాకు ఊరు వినిపించేది కాదు. చౌరస్తాలో లారీలు, సంతలో గొడవ, ఏవీ లేవు. సూది మొన, మెరిసే రేకు, ఆ రెక్క కింద ఊహలో పారే మబ్బులు. హిరోషిమాకు పోయిన విమానంలో తోక దగ్గరిది తప్ప మిగతా తుపాకీ గోపురాలు తీసేశారని పుస్తకంలో చదివి, నేను అతి కష్టం మీద చేసిన గోపురాలను ఊడపీకి, ఆ గుంటల మీద మళ్లీ రేకు అతికించాను. ఇంత నిజాయితీ, కాల్చబోయే బొమ్మకు.

ముక్కు మాత్రం మిగిలింది. ఆ విమానానికి మూతి మొత్తం అద్దాల గుండు. అంత గుండ్రటి అద్దం బాన్సువాడలో ఒక్కచోటే ఉంది: మా అమ్మ దేవుడి గూట్లో వెలిగే జీరో బల్బు. అమ్మ దాన్ని బుగ్గ అనేది. దానికి పైన ఎర్రరంగు ఉండేది. ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే దాన్ని విప్పి, బ్లేడుతో రంగు గీకి, ఇత్తడి భాగాన్ని బెండు లోపలికి దోపి, గాజు మీద నల్లదారంతో అద్దాల చట్రాలు అతికించాను. ప్రాణం వచ్చినట్టు ఉంది. సాయంత్రం దీపం పెట్టబోయిన అమ్మ కేక వేసింది.

"దేవుని బుగ్గ ఏమైందిరా?"

చూపించాను. అమ్మ విమానాన్ని చూసింది, నన్ను చూసింది. "దేవుడు లేడంటవ్. లేనోని బుగ్గ ఎట్ల దొరికిందిరా నీకు?" అంది. రెండేళ్ల వాదనల్లో నాకు ఎవరూ ఇంత చిన్న ప్రశ్న వేయలేదు.

పూర్తయిన రోజు దాన్ని కిటికీ దగ్గర దారంతో వేలాడదీసి, కింద పడుకుని చూశాను. గాలికి అది నెమ్మదిగా తిరిగి మూతి నావైపు పెట్టింది. అప్పుడు తెలిసింది, దీన్ని నేను కాల్చలేనని.

సంఘం అత్యవసర సమావేశం పెట్టించాను. నమూనాను కాల్చరాదని, శాశ్వత ప్రదర్శనకు ఉంచితే ప్రజలకు ఎక్కువ విజ్ఞానం కలుగుతుందని తీర్మానం ప్రవేశపెట్టాను. పాయింటన్న అంతా విన్నాడు. సంచిలోంచి ఒక కరపత్రం తీశాడు. అది నాదే. అంతకు ముందు ఏడాది వినాయకుల నిమజ్జనం మీద నేను రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించినది. చదివాడు: "రంగు పూసిన మట్టిని నీళ్లలో వదలడానికి కంటతడి పెట్టేవాడు ఇంకా మనిషిగా మారలేదు."

"ఒక పాయింటు ఏందంటే" అన్నాడు, కరపత్రం మడుస్తూ, "మట్టికి ఏడ్చేటోడు మనిషి కాకుంటే, బెండుకు ఏడ్చేటోడు ఏంది తమ్మీ?"

"నేను ఏడుస్తలేనన్నా."

"మరి కండ్లల్ల ఏంది?"

"చింతగింజల జిగురు పడ్డది."

నాలుగు ఓట్లు ఒక వైపు, నా ఓటు ఒక వైపు. మినిట్సు పుస్తకంలో రాయవలసిన కార్యదర్శిని కూడా నేనే. 'విగ్రహారాధన ధోరణిని సంఘం ఖండించింది' అని నా చేత్తో నేనే రాశాను, గుండ్రటి అక్షరాలతో, ఆఫీసు అలవాటు కొద్దీ.

సభకు ముందురోజు మిగిలిన బెండు తిరిగి ఇవ్వడానికి అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె లోపలికి వెళ్లి, పాత చీర ముక్కలో చుట్టిన దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఇగో, దీని జోడు."

విప్పాను. ఇంకో బాంబరు. నాదానికంటే ఒక వేలెడు చిన్నది. అవే నాలుగు ఇంజన్లు, అదే ఎత్తు తోక, ఒక్క స్కేలు గీత లేకుండా. కానీ రెక్కల అంచుల నిండా గులాబి కాగితం కుచ్చులు, ఒంటి మీద జరీ, చమ్కీలు, ఇంజన్ల మీద కాకిబంగారం. అద్దాలు ఉండాల్సిన మూతి దగ్గర రెండు చిట్టి బెండు మొహాలు. ఒకదానికి మీసం, ఒకదానికి బొట్టు.

"జోడేందవ్వా? బాంబరుకు పెండ్లి చేస్తున్నమా?"

"ఒంటిది చెయ్యొద్దు కొడుకా. నా చేతిల కెళ్లి ఒంటిది ఎన్నడు పోలె. నీదేమో పెండ్లికొడుకు, గిది పెండ్లిపిల్ల."

నేను ఆమెకు అక్కడికక్కడే పావుగంట సేపు చెప్పాను. ఒంటి సంఖ్య, జంట సంఖ్య అనేవి మనిషి కల్పనలనీ, ఒంటి బాసింగం వల్ల ఎవరికీ కీడు జరిగినట్టు రుజువు లేదనీ. ఎందుకని ఆమెను అడగలేదు. ప్రతిదానికీ ఎందుకని అడగడమే నా మతమని ఊరంతా చాటుకున్నవాణ్ణి, ఆ ఒక్కసారి అడగలేదు. ఎందుకంటే చెబుతున్నంతసేపూ నా బుర్ర వేరేచోట ఉంది: రేపు కాల్చడానికి నా దగ్గర ఇప్పుడు రెండు ఉన్నాయి. దీన్ని కాలిస్తే తీర్మానానికి భంగం లేదు. తీర్మానంలో 'బాంబరు నమూనా' అనే ఉంది, ఏ నమూనా అని లేదు (నేనే రాశాను కదా). పైగా మూఢనమ్మకంతో చేసినది కాబట్టి దీన్ని కాల్చడం రెండింతలు హేతుబద్ధం. ఇంత చక్కని తర్కం నా జీవితంలో మళ్లీ చేయలేదు. నాదాన్ని గుడ్డలో చుట్టి ఇంట్లో సందుగు పెట్టె వెనక దాచాను.

ఆగస్టు ఆరు సాయంత్రం సన్నగా తుంపర. అయినా చౌరస్తాలో రెండు వందల మంది దాకా చేరారు. అందులో సగం బస్సు కోసం నిలబడ్డవాళ్లు. మా అమ్మ వచ్చింది, బుగ్గ చివరి చూపు కోసం కాబోలు. మొదటి వరసలో బెండవ్వ. పెట్టెలోంచి తీసిన మడతల చీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని కూర్చుంది. ఆమె చేసిన వస్తువు ఎప్పుడూ ఇంకొకరి నుదుటి మీద ఉండేది, అందరూ నుదురునే చూసేవాళ్లు. బల్ల మీద పెట్టి, మైకు పెట్టి, అందరూ దాన్నే చూడబోవడం అదే మొదటిసారి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

పాయింటన్న యుద్ధోన్మాదాన్ని ఉతికి ఆరేసి, "ఇదిగో ఆ నరహంతక యంత్రం!" అని గర్జించాడు. నేను గుడ్డ తీశాను. గులాబి కుచ్చులు గాలికి రెపరెపలాడాయి. చమ్కీలు తుంపరలో తళుక్కుమన్నాయి.

వెనక నుంచి ఎవరో, "అరే, ఇమానం పెండ్లికి పోతుందే!" అన్నారు. చౌరస్తా గొల్లుమంది. పాయింటన్న మైకును అరచేత్తో మూసి నా చెవిలో, "గిదేందిరా? బాంబరు చెయ్యమంటే బారాత్ తెచ్చినవ్" అన్నాడు. నేను అగ్గిపెట్టె తీశాను. ఇంతలో అవ్వ లేచి నిలబడి పక్కవాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది. "నేనే చేసిన. అంత నేనే చేసిన. సూసిన్రా, లోపట మనుషులు సుత ఉన్నరు." తర్వాత నావైపు తిరిగి, మైకు అక్కర్లేని గొంతుతో, "అంటువెట్టు కొడుకా, అంటువెట్టు. గని దీని జోడేది? పెండ్లికొడుకు ఏడి?" అంది.

"జోడా?" అన్నాడు పాయింటన్న. ఈసారి మైకు మూయడం మరిచిపోయాడు.

"ఉన్నది సారూ" అంది మా అమ్మ జనంలోంచి, "మా ఇంట్ల సందుగు ఎనుక దాసిండు. నా దేవుని బుగ్గ సుత దానికే ఉన్నది."

అంతమంది నవ్వుతుంటే తల దించుకుని ఇంటికి నడిచాను. మా ఇల్లు చౌరస్తాకు దగ్గరే. గుడ్డ విప్పి, దాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని బయటికి వచ్చాను. తుంపర ఆగింది. సందు మలుపు దగ్గర కాలువ మీదినుంచి ఒక్కసారి గాలి కొట్టింది. ఆ గాలికి నా చేతుల మీద అది లేచింది. కల్పన కాదు, రెక్కల కింద గాలి పట్టి, మూతి పైకెత్తి, బరువు పూర్తిగా పోయి, బొటనవేళ్లతో అదిమి పట్టుకుంటే తప్ప ఆగనంతగా లేచింది. విడిచిపెడితే ఎంతదూరం పోయేదో నాకు తెలియదు. మురికి కాలువలో పడేదేమో. పదేళ్లుగా ఆకాశంలో గీతలుగా చూసినది నా చేతుల్లో ఎగరబోతోంది, నేనేమో దాన్ని కిందికి అదిమి పట్టుకుని మంట దగ్గరికి మోసుకుపోతున్నాను. ఆ నాలుగడుగులు ఇప్పటికీ వేస్తూనే ఉంటాను.

రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. "ఒక పాయింటు ఏందంటే, రెండూ కాలవెట్టు, ఇగ లొల్లి లేదు" అన్నాడు పాయింటన్న. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండు గాదు సారూ. ఒకటి పోతే ఒకటి ఉండాలె. గందుకే కదా జోడు చేసేది."

"ఎందుకవ్వా?" అన్నాను. ఒక రోజు ఆలస్యంగా.

"ఒకటి ఖరాబైతే, ఇంకోటి ముందట వెట్టుకొని సూసి చేస్తం. మా అవ్వకు కొలతలు రావు, నాకు రావు. ఒంటిది చేస్తే, అది పోయినంక ఏది సూసి చేస్తవ్?"

కీడు లేదు, శకునం లేదు. నమూనాకు నమూనా. ట్రేసరుగా జీతం తీసుకునే నాకు అర్థం కావలసిన మొట్టమొదటి విషయం. నేను ముందురోజు పావుగంట ఉపన్యాసం ఇచ్చింది దీని మీద.

గులాబి కుచ్చుల దాని మూతి దగ్గర ఆ రెండు మొహాలు, మీసం ఒకటి, బొట్టు ఒకటి, నావైపే చూస్తున్నాయి. కాల్చమని ఆమే అంది. ఆమెకు పట్టింపు లేదు. నాకే చెయ్యి రాలేదు. నాదాన్ని దగ్గరికి లాక్కున్నాను. సూదిమేకుల వరసల మీద ఒకసారి వేలు రాసి, అగ్గిపుల్ల గీశాను.

బెండు ఎంత తొందరగా కాలుతుందో మీరు ఊహించలేరు. నెల రోజుల పని, ఒక్క గుక్క గాలి తీసుకునేంతలో అయిపోయింది. వెండి కాగితం ముడుచుకుని నల్లబడింది, రెక్కలు రెండూ పైకి లేచి ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి. పాయింటన్న మైకు అందుకుని, "మిత్రులారా, హేతువాదికి భయమన్నదే ఉండదు" అంటుండగా మంట ముక్కుదాకా వచ్చింది. జీరో బల్బు ఢామ్మని పేలింది. ఆ బాంబరు వేసిన బాంబు అదొక్కటే. జనం చెల్లాచెదురయ్యారు, బస్సు కోసం ఉన్నవాళ్లు బస్సు లేకుండానే పరుగెత్తారు. పొగ తగ్గాక చూస్తే మైకు స్టాండు ఉంది, పాయింటన్న లేడు. బల్ల కింద నుంచి, "ఏమన్న తగిలిందా తమ్మీ ఎవలకన్న?" అని గొంతు వినిపించింది. మా అమ్మ గాజు పెంకులను చూసి, "పాయె నా బుగ్గ" అంది. అవ్వ మాత్రం కదల్లేదు. కూర్చున్నచోటే కూర్చుని, బూడిదను చూసి, "మంచిగ కాలింది బిడ్డా. ఎండిన బెండు" అని మెచ్చుకుంది.

సంఘం ఆ తర్వాత రెండేళ్లు నడిచింది. పాయింటన్న ఇప్పుడు కొడుకు దగ్గర పెద్ద కొడప్‌గల్‌లో ఉంటున్నాడు. ఫోను చేస్తే ఇంకా పాయింటుతోనే మొదలుపెడతాడు, బల్ల సంగతి ఎత్తితే సిగ్నల్ లేదంటాడు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నా పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది, బాసింగం లేదు. అవ్వ ఆ రోజు వచ్చి, నా నుదురు ఖాళీగా ఉండడం చూసి, లడ్డూ తిని పోయింది. ఇప్పుడు ఆ బాసింగాలు కూడా థర్మాకోలుతో వస్తున్నాయి. గులాబి కుచ్చుల బాంబరు నా గదిలో కిటికీ దగ్గర వేలాడుతోంది. గులాబి వెలిసి పాలిపోయింది, చమ్కీలు సగం రాలిపోయాయి, మీసమాయన మీసం నేనే ఒకసారి కాటుకతో దిద్దాను. వచ్చినవాళ్లు ఇదేంటని అడుగుతారు. యుద్ధ వ్యతిరేక ఉద్యమంలో భాగం అని చెబుతాను. వాళ్లు కుచ్చులను చూసి మర్యాదగా తల ఊపుతారు.

కాలిపోయినదాన్ని మళ్లీ చేయాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చూసి చేయడానికి జోడు కళ్ల ముందే ఉంది. చెరువుల్లో జీలుగు లేదు, నా చేతుల్లో ఆ పట్టు లేదు. మొన్న మా అమ్మాయి ఫోనులో చూపించింది: అదే విమానం, అదే డెబ్బై రెండో వంతు, ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో వస్తుందట, అద్దాల మూతితో సహా. మేకుల గుర్తులన్నీ అచ్చులోనే పోసి ఉంటాయట. సూదితో పని లేదు. "ఆర్డరు పెట్టు నాన్నా, ఇంత ఇష్టమైతే" అంది. కళ్లద్దాలు సవరించుకుని వివరాలన్నీ నింపాను. ఎన్ని కావాలని ఒక గడి అడిగింది. దేవుడు లేడని నాకు ఇప్పటికీ తెలుసు. ఒంటి సంఖ్యతో కీడు లేదనీ తెలుసు.

మా అమ్మాయి నా భుజం మీదుగా తొంగి చూసి, "ఒకటి సరిపోదా నాన్నా, రెండెందుకు?" అంది.

"ఒంటిది చెయ్యొద్దు బిడ్డా" అన్నాను.